నల్లరాతి మెట్ల నడుమ నత్తగుల్లలు

నిర్మల నుండి ఆదిలాబాదుకు పోవు దారిలో ఘాటు ఎక్కిన పిమ్మట నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూరు వరుసగా తగులును. పూర్వము 7వ జాతీయ రహదారియనియు, ఇప్పుడు 44వ జాతీయ రహదారియనియు పిలువబడు ఈ దారికి ఇరుప్రక్కల కనబడు కొండలు మిక్కిలి ఎత్తైనవి కావు. కొనదేలిన శిఖరములు వీనికి లేవు. ఒకదాని వెనుక ఒకటి అలలవలె లేచి దిగుచుండును. లోయలలో టేకు, ఇప్ప, మోదుగ, తునికి చెట్లు పెరుగును. నెత్తిమీద మాత్రము చాలచోట్ల మట్టి పలుచన. గడ్డియు పొదలును తప్ప పెద్దచెట్లు తక్కువ. వర్షాకాలమున పచ్చగా నుండు ఆ గడ్డి పుష్యమాసము నాటికి ఎండి పసుపు వన్నె తిరుగును.

ఈ కొండలను గూర్చి మన పాఠ్యగ్రంథములలో ఉండునది దాదాపు ఒక్క వాక్యము. దక్కను పీఠభూమిలో చాలభాగము పూర్వము లావా ప్రవహించి గడ్డకట్టుటచే ఏర్పడినదని చెప్పి, పాఠము ముందుకు సాగును. విద్యార్థి ఆ వాక్యమును వల్లించును, పరీక్షలో వ్రాయును. కాని ఆ సంగతి మనుష్యులకు ఎట్లు తెలిసినది? లావా ఒక్కమారే ప్రవహించినదా, పలుమారులు ప్రవహించినదా? రెండు ప్రవాహముల నడుమ ఎంతకాలము గడచినది? ఆ కాలమున ఇచట ఏమి ఉండెను? ఈ ప్రశ్నలకు తొలి సాక్ష్యములలో కొన్ని దొరికినది మరెక్కడనో కాదు, నిర్మలకును ఆదిలాబాదుకును మధ్యనున్న ఈ కొండలలోనే. ఆ చరిత్ర మన ఉన్నతపాఠశాలల విద్యార్థులకు తెలియవలసినది.

కొండకు మెట్లెందుకు వచ్చినవి?

ఇచ్చోడ ప్రాంతపు గుట్టను ఒకదానిని ప్రక్కనుండి పరికించి చూడుడు. వాలు ఒకే తీరుగా ఉండదు. కొంతదూరము నిట్టనిలువుగా, తరువాత కొంతదూరము చదునుగా, మరల నిట్టనిలువుగా ఉండును. ఎక్కువాని కాళ్లకు ఈ సంగతి కంటికంటె ముందుగా తెలియును. ఆయాసము వచ్చును, తీరును, మరల వచ్చును.

దీనికి కారణము రాతిలోనే ఉన్నది. నల్లరాయి, అనగా బసాల్టు, కరిగిన లావా చల్లారుటచే ఏర్పడిన శిల. లావా భూమిపై పరచుకొనినపుడు దానిలోని వాయువులు బుడగలై పైకి లేచును. కాబట్టి ప్రవాహపు పైభాగము రంధ్రములతో నిండి మెత్తగా ఉండును. నడిమిభాగము చిక్కగా, గట్టిగా ఉండును. గట్టిభాగము వానకు, ఎండకు తట్టుకొని గోడవలె నిలుచును. మెత్తనిభాగము త్వరగా అరిగి చదును అగును. ఒక గోడ, ఒక చదును కలిసిన ఒక ప్రవాహము. గుట్టపై అట్టి మెట్లు ఎన్ని ఉన్నవో, స్థూలముగా అన్నిమారులు లావా ఆ చోటును కప్పినదని చెప్పవచ్చును. స్వీడన్ భాషలో మెట్లకు చెప్పు మాటనుండియే ఈ శిలలకు 'ట్రాప్' అను పేరు వచ్చినది. భూగర్భశాస్త్రజ్ఞులు 'దక్కను ట్రాప్' అనునది దీనినే.

రంధ్రములలో తరువాతి కాలమున నీటితో వచ్చిన ఖనిజములు పేరుకొనినవి. దున్నిన చేలలోను వాగుల ఒడ్డులందును కనబడు తెల్లని పలుగురాళ్లు, చారల అకీకు రాళ్లు, జియోలైటు స్ఫటికములు అట్లు పుట్టినవే. నల్లరాయి శిథిలమై రేగడి నేల అగును. ఆదిలాబాదు పత్తిపంటకు ఆధారము ఆ నేలయే. ఆంగ్లమున భూగర్భశాస్త్రజ్ఞులు నల్లనేలకు 'రేగూర్' అను మాట వాడుదురు. అది మన 'రేగడి' నుండి వెళ్లిన మాటయే.

నీటి బిడ్డయా, నిప్పు బిడ్డయా?

నల్లరాయి లావానుండి పుట్టినదని నేడు బాలురు సైతము చెప్పుదురు. పదునెనిమిదవ శతాబ్దమున ఈ విషయమై ఐరోపా పండితులలో పెద్ద వివాదము నడచెను. జర్మనీ దేశమందలి వెర్నర్ అను ఆచార్యుడును, అతని శిష్యులును బసాల్టు సముద్రజలమునుండి అడుగునకు దిగి గట్టిపడిన రాయి అని బోధించిరి. వారి వాదము తెలివితక్కువది కాదు. బసాల్టు పొరలుపొరలుగా ఉండును. చాలచోట్ల దాని దాపున అగ్నిపర్వతము కనబడదు.

ఈ వివాదము గదిలో కూర్చుండి తీర్చదగినది కాదు. ఫ్రాన్సు దేశస్థుడు డెమరే 1763లో ఓవెర్న్ సీమకు పోయి, అచటి బసాల్టు స్తంభములను చూచి, ఆ రాతి వెంబడి నడచిపోయెను. ఆ రాయి ఎడతెగక సాగి పాత అగ్నిపర్వతముల దగ్గరకు చేరుచున్నట్లు అతనికి కనబడెను. రాతి జన్మస్థానము తేలినది. భూగర్భశాస్త్రమున నడక ఒక పరికరమని ఆనాడే తెలిసినది. సూక్ష్మదర్శిని జీవశాస్త్రజ్ఞునకు ఎట్టిదో, ఒక పొర వెంబడి అది కనుమరుగగువరకు నడచుట ఈ శాస్త్రజ్ఞునకు అట్టిది.

మన దేశమున ఈ పనికి అవకాశము భూకొలతలతో వచ్చెను. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సమీపమున ఆరంభించిన మహాత్రికోణమితి సర్వే క్రమముగా ఉత్తరమునకు సాగి నైజాము రాజ్యమును చేరెను. 1818లో ఆ సర్వేకు హెన్రీ వెస్లీ వాయిసీ అను వైద్యుడు నియమింపబడెను. రోగులను చూచుటయే కాక రాళ్లను పరిశీలించుట కూడ అతని ఉద్యోగములో భాగము. హైదరాబాదు ప్రాంతపు శిలలను గూర్చి అతడు 1820 నాటికే పటము తయారుచేసెను. లాంబ్టన్ 1823 జనవరిలో హైదరాబాదునుండి నాగపురమునకు పోవుచు హింగణ్‌ఘాటు వద్ద మరణించెను. అదే సంవత్సరము ఏప్రిల్‌లో వాయిసీ విదర్భలోని గావిల్‌గఢ్ కొండలలో నల్లరాతి నడుమ రాయిగా మారిన గుల్లలను చూచెను. మరుసటి సంవత్సరము, 1824లో, అతడును మరణించెను. లావా కొండలలో నత్తగుల్లలు ఎట్లు వచ్చినవన్న ప్రశ్న అట్లే నిలిచిపోయెను.

నాగపురపు దారిలో ఒక వైద్యుడు

ఆ కాలమున సికిందరాబాదునుండి నాగపురము దాపునున్న కాంప్టీ దండునకు పోవు బాట నిర్మల, ఆదిలాబాదు, హింగణ్‌ఘాటు మీదుగా పోవుచుండెను. కాంప్టీలో మద్రాసు సైన్యపు పటాలములుండుటచే ఆ బాటపై రాకపోకలు ఉండెను. ఈ కొండలలో సంచరించినవారిలో మద్రాసు వైద్యశాఖకు చెందిన జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ ఒకడు. బెరిబెరి వ్యాధిపై 1835లో మద్రాసున ప్రచురింపబడిన గ్రంథమునకు కర్త ఇతడే.

ఇతని స్వస్థలము స్కాట్లండు ఉత్తరభాగమున మోరే ప్రాంతమందలి ఫారెస్ అను చిన్న పట్టణము. ఆ సీమలోని ఎగుడుదిగుడు కొండలపై పెద్దచెట్లు అరుదు. వానిని హెదర్ అను పొట్టిపొద కప్పియుండును. ఆమ్లగుణము కలిగిన నిస్సారపు నేలలో మోకాలెత్తున పెరుగు ఆ పొద ఆగస్టు మాసమున పూచినపుడు కొండ కొండంతయు ఊదారంగు దాల్చును. ఆ పొద మన కొండలపై పెరుగదు. ఇచట దాని స్థానమున గడ్డి ఉన్నది. మన కొండలకు ఫాల్గుణమున మోదుగ ఎరుపు వన్నె తెచ్చును. అయినను ఒక విషయమున రెండు సీమలకును పోలిక కలదు. చెట్లు పలుచనైన కొండపై నడచువాని కాలిక్రింద రాయి బయటపడియుండును. ఒక పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగియుచున్నదో దూరమునుండియే కనబడును. స్కాట్లండున భూగర్భశాస్త్రము అంత త్వరగా వృద్ధి చెందుటకు అట్టి కొండలు కూడ తోడ్పడినవి.

మాల్కమ్‌సన్ నిర్మల కొండలలో సేకరించిన శిలాజములను గూర్చి 1837లో లండను జియొలాజికల్ సొసైటీ ఎదుట ఒక వ్యాసము చదువబడెను. అది 1840లో ఆ సంఘపు గ్రంథమాలలో అచ్చయినది. ఆ వ్యాసమున ఈ కొండల పేరు 'సిచెల్ కొండలు'. అందలి మన్నూరు, హత్నూరు అను పేర్లు ఇచ్చోడకు ఉత్తరముననున్న నేటి మన్నూరు, గుడిహత్నూరు గ్రామముల పేర్లను పోలియున్నవి.

ఆ శిలాజములను పరిశీలించి పేర్లు పెట్టినవాడు సవర్బీ అను పండితుడు. వానిలో మంచినీటి నత్తలు, ఆల్చిప్పలు, సైప్రిస్ అను మిక్కిలి చిన్న పెంకుజీవులు, కారా అను నీటిమొక్క గింజలవంటి భాగములు ఉండెను. మొక్కకు మాల్కమ్‌సన్ పేరిట 'కారా మాల్కమ్‌సోనీ' అనియు, ఆల్చిప్పకు మన దక్కను పేరిట 'యూనియో దక్కనెన్సిస్' అనియు, ఒక నత్తకు 'ఫైసా ప్రిన్సెపీ' అనియు పేర్లు పెట్టబడెను. ఈ ప్రిన్సెప్, అశోకుని శాసనములందలి బ్రాహ్మీలిపిని 1837లో చదివి చూపిన జేమ్స్ ప్రిన్సెపే. రాతిపై వ్రాసిన లిపిని విప్పినవాని పేరు, రాతిలో దాగిన నత్తకు వచ్చినది.

నత్త చెప్పిన సాక్ష్యము

ఈ నత్తను గుర్తించుట కష్టము కాదు. ఏదైన ఒక నత్తగుల్లను తీసికొని, దాని మొన పైకి ఉండునట్లు, నోరు మన వైపునకు తిరిగియుండునట్లు పట్టుకొనుడు. సాధారణముగా నత్తలకు నోరు మన కుడిచేతి వైపున ఉండును. ఫైసాకు ఎడమచేతి వైపున ఉండును. దాని చుట్టు అపసవ్యము. ఫైసా ప్రిన్సెపీ ఇప్పటి ఫైసా నత్తలకంటె చాల పెద్దది కూడ. అందుచే రాతిలో సగము మాత్రము కనబడినను పరిచయమున్నవారు దానిని పోల్చగలరు.

ఇక దాని సాక్ష్యము వినుడు. ఇప్పటి ఫైసాలు చెరువులలో, కుంటలలో, మెల్లగా పారు వాగులలో నీటిమొక్కల నడుమ బ్రతుకును. ఇవి గాలిని పీల్చును గనుక లోతులేని నీరు వానికి అనుకూలము. కారా మొక్క తేటయైన నిలకడనీటిలో పెరుగును. దాని గింజవంటి భాగముచుట్టు సున్నపుపూత ఏర్పడును గనుక అది చెడక నిలుచును. ఇవి రెండును ఒకేచోట దొరికినవి. సముద్రపు గుల్లలు వానితో లేవు. అనగా ఈ కొండలున్నచోట ఒకప్పుడు మంచినీటి చెరువు ఉండెను. అది ఒక్క వానకాలపు మడుగు కాదు. మొక్కలు పెరిగి, వానిని ఆశ్రయించి నత్తలు తరతరములు బ్రతికి, వాని గుల్లలు బురదలో పేరుకొనునంతటి కాలము నిలిచిన చెరువు.

ఆ బురదపొర ఇప్పుడు చెకుముకివలె గట్టిరాయి అయినది. నల్లరాతినుండి నీటితో దిగిన సిలికా బురదలోనికిని, గుల్లలలోనికిని ఇంకి వానిని రాయిగా మార్చినది. దాని మందము చాలచోట్ల కొద్ది అడుగులు మాత్రమే. కొన్నిచోట్ల మూరెడు కూడ ఉండదు. పైన నల్లరాయి, క్రింద నల్లరాయి, నడుమ పలుచని చెరువుపొర. దీనికి భూగర్భశాస్త్రమున 'అంతర్‌ట్రాప్ పొర' అని పేరు.

క్రిందిరాయి ముందా, వెనుకా?

నత్తలు మంచినీటివని తేలినను చిక్కు తీరలేదు. చెరువుపొరకు పైనున్న నల్లరాయి తరువాత వచ్చినదనుటలో సందేహము లేదు. క్రిందనున్న రాయి మాటయేమి? అది ముందే ఉన్న నేలయా, లేక తరువాత భూగర్భమునుండి పొడుచుకొని వచ్చి పొర అడుగున చొరబడినదా?

నాగపురమున బోధకుడుగా నుండిన స్టీఫెన్ హిస్లాప్ ఈ విషయమున విశేషమైన కృషి చేసెను. ఇతడును స్కాట్లండువాడే. నాగపురమునందలి హిస్లాప్ కళాశాల ఇతని పేరిట వెలసినదే. రాబర్ట్ హంటర్ అను సహచరునితో కలిసి ఇతడు నాగపురము చుట్టుప్రక్కల శిలాజములు ప్రోగుచేసి, 1860లో అనేకమైన నత్తజాతులను వర్ణించెను. చెరువుపొర అంతయు ఒక విశాలమైన సరస్సు అడుగున ఏర్పడినదనియు, క్రిందిరాయి తరువాత చొరబడినదనియు ఇతని అభిప్రాయము. 1863లో ఒక ప్రాచీన సమాధుల స్థలమునుండి తిరిగివచ్చుచు వాగులో మునిగి ఇతడు మరణించెను.

1851లో స్థాపింపబడిన భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం బ్లాన్‌ఫర్డ్ పశ్చిమ, మధ్య భారతములందు విస్తారముగా సంచరించి 1867లో తన నిర్ణయమును ప్రకటించెను. అతని నిర్ణయము ప్రకారము క్రిందిరాయి కూడ లావా ప్రవాహమే. అది ముందే ఉన్న నేల. ఆ నేలపై పల్లములలో నీరు నిలిచి చిన్నచిన్న చెరువులు ఏర్పడినవి. తరువాతి ప్రవాహము వచ్చి వానిని కప్పినది. సరస్సు ఒకటి కాదు. ఒకే కాలమునది కాదు.

ఇట్టి నిర్ణయమునకు ఆధారమైన తర్కము ఉన్నతపాఠశాల విద్యార్థికి అందునదే. వేడిలావా బురదపై పడినచో బురద పైభాగము కాలును. ఇటుక కాలినట్లు రంగు మారును. లావా అడుగునుండి చొరబడినచో బురద అడుగుభాగము కూడ కాలవలెను. పైభాగము మాత్రమే కాలి, అడుగుభాగము కాలకయున్నచో క్రిందిరాయి అప్పటికే చల్లారినదని అర్థము. ఇంకొక గుర్తు కూడ కలదు. క్రిందిరాయి పైభాగము రంధ్రములతో నుండి, కొంత శిథిలమై ఎర్రమన్నుగా మారియున్నచో, అది గాలికి వానకు చాలకాలము బయటపడి ఉండెనని తెలియును. చెరువుపొరలో క్రిందిరాతి తునకలే దొరికినచో ఇక సందేహమే లేదు. ఇంటిగోడపై సున్నపుపూతలు ఎన్నిమారులు వేసినదియు పెచ్చు ఊడినచోట చూచి చెప్పునట్లే ఇదియు.

ఈ నిర్ణయముతో దక్కను చరిత్ర స్వరూపమే మారినది. లావా ఒక్కదినమున వచ్చిన ప్రళయము కాదు. వచ్చెను, ఆగెను. ఆగినపుడు రాయి మన్ను అయినది, వాన నిలిచినది, గడ్డి మొలిచినది, నత్త వచ్చినది. మరల లావా వచ్చెను. ఇచ్చోడ గుట్ట ఎక్కువాడు చదునుమెట్టుపై నిలిచి ఊపిరి పీల్చుకొనునపుడు, ఒకప్పుడు ఈ నేలయు ఊపిరి పీల్చుకొనిన విరామముమీదనే నిలిచి ఉండవచ్చును.

వయస్సును గూర్చిన వివాదము

క్రమము తెలిసినది, వయస్సు తెలియలేదు. హిస్లాప్ ఈ నత్తలను చూచి పొరలు టెర్షియరీ యుగమునవని, అనగా రాక్షసబల్లులు అంతరించిన తరువాతివని తలచెను. బ్లాన్‌ఫర్డ్ మొదలగువారు ఇంకను పూర్వమునకు, క్రెటేషియస్ యుగమునకు త్రోసిరి. 1934లో ఆచార్య బీర్బల్ సాహ్నీగారు అంతర్‌ట్రాప్ పొరలందలి వృక్షశిలాజములను, ముఖ్యముగా తాటి ఖర్జూర కుటుంబపు చెట్ల సమృద్ధిని చూపి, టెర్షియరీ పక్షమును బలపరచిరి. మన గోదావరి తీరమున రాజమహేంద్రవరము దాపునగల కాటేరు పొరలు కూడ ఈ చర్చలో చేరెను. నత్త ఒకటియే, చదివినవారు వేరు.

తీర్పు దిశగా ఒక ముఖ్యమైన అడుగు మరల పాత ఆదిలాబాదు జిల్లానుండియే పడెను. ఆసిఫాబాదు ప్రాంతపు అంతర్‌ట్రాప్ పొరలలో రాక్షసబల్లుల అవశేషములు ఉన్నట్లు బి. ఆర్. జె. రావు, పి. యాదగిరి గారలు 1981లో ప్రకటించిరి. ఆసిఫాబాదు ఇప్పుడు కుమురం భీం జిల్లాలోనిది. రాక్షసబల్లి ఉన్నచో పొర క్రెటేషియస్ యుగమునదే కావలెను. 1988లో గుంటుపల్లి ప్రసాద్, అశోక్ సాహ్నీ గారలు వికారాబాదు దాపున నస్కల్ వద్ద అంతర్‌ట్రాప్ మట్టిని కడిగి, వడబోసి, చుంచెలుకయంత జంతువు దంతములను కనుగొనిరి. భారతదేశమున దొరికిన తొలి క్రెటేషియస్ స్తన్యజంతువు అది. దానికి 'దక్కనోలెస్టీస్ హిస్లాపీ' అని పేరిడిరి. నాగపురపు నత్తలను ఏరినవాని పేరు ఇట్లు తెలంగాణపు జంతువునకు సంక్రమించినది.

తరువాత పొటాసియము ఆర్గానుగా మారు వేగమునుబట్టియు, ప్రవాహముల నడుమ దొరకు జిర్కాను రేణువులలో యురేనియము సీసముగా మారు వేగమునుబట్టియు రాతి వయస్సును నేరుగా లెక్కించుట సాధ్యమైనది. ఆ లెక్కలప్రకారము దక్కను లావాలలో ఎక్కువభాగము నేటికి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట, దాదాపు 10 లక్షల సంవత్సరములలోపల వెలువడినది. క్రెటేషియస్ యుగము ముగిసి టెర్షియరీ యుగము మొదలైన సరిహద్దు ఈ వ్యవధిలోనే పడుచున్నది. కాబట్టి పూర్వపు వాదులు ఇరువురిలోను కొంత నిజము కలదు. కొన్ని చెరువులు సరిహద్దుకు ముందరివి, కొన్ని తరువాతివి.

ఆ సరిహద్దుననే రాక్షసబల్లులు అంతరించినవి. 1980లో అల్వారెజ్ తండ్రికొడుకులును వారి సహచరులును ఒక గొప్ప ఉల్క భూమిని తాకుటయే దీనికి కారణమని ప్రతిపాదించిరి. మెక్సికోలోని చిక్షులూబ్ వద్ద ఆ దెబ్బకు ఏర్పడిన గుంట తరువాత గుర్తింపబడెను. దక్కను లావానుండి వెలువడిన వాయువుల పాలు ఇందులో ఎంతయన్నది నేటికిని ప్రపంచమంతట చర్చింపబడుచున్న ప్రశ్న. దానికి జవాబు చెప్పుటకు ప్రతి మెట్టు వయస్సు, మెట్టునకు మెట్టునకు మధ్యనున్న విరామము, ఆ విరామమున బ్రతికిన జీవుల జాబితా కావలెను. ఆ జాబితాలో కొన్ని పుటలు ఈ గుట్టలలోనే ఉన్నవి.

దారి ఎరిగినవారు

శాస్త్రగ్రంథములలో మాల్కమ్‌సన్, హిస్లాప్, బ్లాన్‌ఫర్డ్ పేర్లు నిలిచినవి. వారు ఈ అడవులలో ఒంటరిగా నడచియుండరు. బరువులు మోసినవారు, నీరున్నచోటు చూపినవారు, ఏ వాగు ఎక్కడ దాటవలెనో చెప్పినవారు ఈ సీమవారే అయియుందురు. వారి పేర్లు అచ్చులోనికి రాలేదు.

గోండులు మొదలగు ఇచటి ప్రజలకు ఈ కొండలపై నడక కొత్త కాదు. పుష్యమాసమున జరుగు కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు పవిత్రజలమునకై గోదావరిలోని హస్తినమడుగు వరకు కాలినడకను పోయివత్తురు. కొండలు, వాగులు, ఊళ్లు దాటుచు పోవు ఆ యాత్రలో ఏ నేల ఎట్టిదో తరతరములుగా కాళ్లకు అలవాటైనది. వాగులో దొరకిన వింతరాతిని బడికి తెచ్చు పిల్లవాడు ఈ జ్ఞానమునకు వారసుడే. ఆ రాతిని చూడకయే పారవేయుమనుట ఉపాధ్యాయునికి తగదు.

మనము చేయవలసినది

ఇన్ని సంగతులు చెప్పిన ఆ చెరువుపొర మందము మూరెడు, బారెడు అని మరువరాదు. గుట్టను కంకరగా మార్చుటకు ఇప్పటి యంత్రములకు కొలదికాలము చాలును. నల్లరాయి మంచి కంకర. రహదారులకు, ఇండ్లకు అది అవసరమే. కాని రాయి దొరకుచోటు వేయి ఉండగా, గుల్లలపొర దొరకుచోటు కొన్నియే ఉండును. అది ఎక్కడ ఉన్నదో ఎవరికిని తెలియకపోయినచో, పోయినదనియు ఎవరికిని తెలియదు. రెండువందల సంవత్సరముల క్రిందట బాటసారికి కనబడినది, ఇంటిముందే ఉన్న మనకు కనబడకుండ పోవుట న్యాయము కాదు.

కాబట్టి ఈ ప్రాంతపు పాఠశాలలు ఒక పని చేయవచ్చును. దీనికి ధనము అక్కరలేదు. వర్షములు తగ్గి గడ్డి ఎండిన తరువాత, అటవీశాఖ అనుమతి అవసరమైనచోట పొంది, ఉపాధ్యాయుడు విద్యార్థులను ఒక గుట్టకు తీసికొనిపోవలెను. క్రిందినుండి పైకి నడచుచు ఎన్ని నిలువులు, ఎన్ని చదునులు వచ్చినవో లెక్కించి బొమ్మ గీయవలెను. ప్రతి చదునువద్ద ఆగి మూడు ప్రశ్నలు వేయవలెను. రాయి రంధ్రములతో ఉన్నదా, చిక్కగా ఉన్నదా? రెండు నల్లరాళ్ల నడుమ ఎర్రమట్టిగాని, తెల్లని బూడిదరంగు గట్టిపొరగాని ఉన్నదా? ఉన్నచో దాని పైఅంచు కాలినట్లున్నదా, అడుగుఅంచు కాలినట్లున్నదా?

అట్టి పొర కనబడినచో సుత్తితో పగులగొట్టవలదు. గుల్ల ఒకటి చేతికి వచ్చుటకంటె, అది ఏ పొరలో, ఏ ఎత్తున, వేనితో కలిసి ఉన్నదన్న సంగతియే విలువైనది. చోటు గుర్తించి, కొలతలు వ్రాసికొని, ఛాయాచిత్రము తీసి, హైదరాబాదులోని భూగర్భ సర్వే కార్యాలయమునకు తెలియజేయవచ్చును. పంచాయతీవారికి, కంకర తవ్వువారికి కూడ చెప్పవచ్చును. తెలిసినవారు కావలెనని పాడుచేయరు.

ఒకవేళ ఏ గుల్లయు దొరకకపోవచ్చును. చాలమారులు దొరకదు. అప్పుడును ఆ నడక వ్యర్థము కాదు. ఎక్కిన మెట్లను లెక్కించిన విద్యార్థికి పాఠ్యగ్రంథమునందలి ఆ ఒక్క వాక్యము ఇక వల్లించవలసిన మాటగా ఉండదు. అది తన కాళ్లతో ఎక్కి, కన్నులతో చూచి, తర్కముతో సరిచూచుకొనిన సంగతి అగును. శాస్త్రమన ఇదియే.